కుర్చీకి పత్రము, మనుష్యునకు నిరీక్షణము
(ఒక పట్టణ పఠనమందిరమున మేము గావించిన ప్రసంగము)



నేటి సాయంకాలము మేము ముచ్చటింపదలచిన విషయము పేరునకు పరదేశపు చట్టమే గాని, ఫలమును బట్టి చూచినచో మన యింటి విషయము. కృష్ణా గోదావరీ తీరములలో గాని, హైదరాబాదు, వరంగల్లు, కరీంనగరములలో గాని, అమెరికాలో కొలువు చేయుచున్న కొడుకో కూతురో, అల్లుడో కోడలో లేని వీధి నేడు అరుదు. ఆ పిల్లల తల్లిదండ్రులను కదలించినచో మూడు మాటలు వినవచ్చును: పెర్ము వేసినారు, పెర్ము వచ్చినది, డేటు ఇంకను రాలేదు. ఈ మూడు మాటలలో ఒక్కొక్క కుటుంబమునకు పది పదునైదేండ్ల జీవితము ఇమిడియున్నది. అయినను, ఈ పెర్మనునది ఏమి, అది ఎవరి సొత్తు, ఎవరి రక్షణకై పుట్టినది, నేడెవరిని రక్షించుచున్నది అని అడిగినచో సమాధానము చెప్పగలవారు కొలదిమంది. పేరు మాత్రము తెలిసి స్వరూపము తెలియని శక్తికి లోబడియుండుట ఆలోచన గల ప్రజకు తగదు. కావుననే ఈ ప్రసంగము.

అమెరికా సంయుక్తరాష్ట్రములలో ఉద్యోగమును ఆధారముగా జేసికొని శాశ్వతనివాసపు హక్కును, అనగా జనులు గ్రీను కార్డని పిలుచుదానిని, పొందుటకు సామాన్యముగా మూడు మెట్లు గలవు. మొదటిది ఆ దేశపు కార్మికశాఖ ఇచ్చు శ్రామిక ధ్రువీకరణము. రెండవది యజమాని వలసశాఖకు పెట్టు అర్జీ. మూడవది నివాసపు హక్కుకై పనివాడు తానే పెట్టుకొను దరఖాస్తు. మొదటి మెట్టు సరిగా లేనిచో తక్కిన రెండును నిలువవు. 2005 మార్చి 28వ తేది నుండి అమలులోనున్న ధ్రువీకరణ పద్ధతికే, ఆంగ్లనామము యొక్క మొదటి అక్షరములను బట్టి, పెర్మని పేరు. అసాధారణ ప్రజ్ఞావంతులకును, దేశప్రయోజనము దృష్ట్యా మినహాయింపు పొందినవారికిని ఇది అక్కరలేదు. నర్సులకును, ఫిజికల్ థెరపిస్టులకును కొరత యున్నదని కార్మికశాఖ ముందే అంగీకరించియుండుటచే వారిది వేరు త్రోవ. తక్కిన ఇంజనీర్లు, లెక్కల నిపుణులు, వంటవారు మొదలగువారిలో పెక్కుమంది ఈ ద్వారముననే ప్రవేశింపవలయును.

ఈ పత్రము చెప్పునది రెండే మాటలు. ఫలానా ఊరిలో ఫలానా పనికి సమర్థులై, సిద్ధులై, దొరకదగిన స్వదేశపు పనివారు చాలినంతమంది లేరనునది మొదటి మాట. ఈ పరదేశీయుని పెట్టుకొనుటచే అదే పని చేయు స్వదేశీయుల జీతములకును, పని పరిస్థితులకును చెరుపు కలుగదనునది రెండవ మాట. ఈ సూత్రమును మేము నిందింపము. తన బిడ్డల కూటికి ముందుగా పూచీ పడుట ఏ జాతికైనను ధర్మమే. మన దేశములో మన పనివారికి ముందు పని దొరకవలయునని కోరు మనము, పరుల దేశమున పరులు అట్లు కోరినచో తప్పు పట్టజాలము. మా విచారణ సూత్రమును గూర్చి కాదు. ఆ సూత్రము ఆచరణలో ధరించిన వేషమును గూర్చి.

ఈ వేషము ఎట్లు కలిగెనో తెలియుటకు కొంచెము చరిత్ర కావలెను. 1885లో ఆ దేశము చేసిన శాసనము ప్రకారము, ముందుగా ఒడంబడిక చేసికొని పనికై వచ్చు కూలివానికి ప్రవేశము నిషిద్ధము. యజమానులు చౌకకూలీలను ఓడలకొలది దింపి సమ్మెలను విరుగగొట్టుచున్నారని అచటి కార్మికసంఘములు మొరపెట్టగా పుట్టిన శాసనమది. 1917 చట్టము ఆసియాలో అధికభాగమునకు గోడ కట్టినది. మన దేశము ఆ గోడకు ఆవలనే మిగిలినది. 1923లో భగత్ సింగ్ థింద్ వ్యాజ్యెమున, భారతీయుడు శ్వేతజాతివాడు కాడు గనుక పౌరసత్వమునకు అర్హుడు కాడని వారి సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. 1946లో ద్వారము రవంత తెరచి ఏటికి నూరుగురు భారతీయులు రావచ్చునని దయ చూపిరి. 1952 చట్టములో నేటి ధ్రువీకరణమునకు బీజము పడినది. కాని అప్పుడు కార్మికమంత్రి కలుగజేసికొని వద్దన్నచోటనే ఆటంకము. 1965 చట్టము జాతులవారీ వాటాలను తొలగించి, ఈ నియమమును మాత్రము తలక్రిందులు చేసినది: కార్మికమంత్రి సరేయని పత్రమిచ్చిననే గాని ప్రవేశము లేదు. చేతిలో ఒడంబడిక యున్నవాడు 1885లో దోషి; చేతిలో కొలువు లేనివాడు 1965 తరువాత అనర్హుడు. దేశపు అవసరములు మారినకొలది న్యాయము యొక్క ముఖము కూడ మారును గదా!

ఇక పద్ధతిని చూతము. యజమాని మొదట ఆ పనికి ఆ ప్రాంతమున చెల్లు జీతమెంతయో నిర్ణయింపుమని కార్మికశాఖను అడుగవలెను. ఆ నిర్ణయమునకే నెలలు పట్టును. పిమ్మట స్వదేశీయులకై వెదకవలెను. రాష్ట్రపు ఉద్యోగకచేరిలో 30 దినములు ఖాళీని ప్రకటింపవలెను. ఆ ప్రాంతపు వార్తాపత్రికలో రెండు వేర్వేరు ఆదివారములందు ప్రకటన వేయింపవలెను. పని జరుగు చోట వరుసగా 10 పనిదినములు నోటీసు అంటింపవలెను; ఆ నోటీసులో జీతము చెప్పవలెను. విద్యావంతుల ఉద్యోగములకైనచో, చట్టము చూపిన పది మార్గములలో మరి మూడింటిని అనుసరింపవలెను. వచ్చిన దరఖాస్తులను నిజముగా పరిశీలించి, అర్హుడైన స్వదేశీయుడు ఒక్కడైనను చట్టసమ్మతమైన కారణము లేక త్రోసివేయబడలేదని నివేదిక వ్రాయవలెను. అప్పుడు గాని అర్జీ పెట్టరాదు. కాగితములన్నియు అయిదేండ్లు భద్రపరుపవలెను. కార్మికశాఖకు అనుమానము కలిగినచో లెక్క అడుగును. ఇంకను అనుమానించినచో తన కనుసన్నలలో మరల వెదకింపును. అనుమానము లేకున్నను ఇటీవలి కాలమున ఈ పరిశీలన ఒక సంవత్సరమునకు మించియే సాగుచున్నది. ఆర్జించిన పత్రమునకైనను ఆయువు 180 దినములే. ఆ గడువులో రెండవ అర్జీ పడకున్నచో అది చెల్లని కాగితమగును.

ఇంత కట్టుదిట్టమైన పద్ధతిలో లోపమేమి? ప్రకటనలో ఖాళీ యని చెప్పబడు ఆ కుర్చీలో, పెక్కు సందర్భములందు, మన పిల్లవాడు ఏండ్లుగా కూర్చుండియే యున్నాడు! తాత్కాలికపు హెచ్-1బి వీసా మీద పోయి ఆ పనినే చేయుచున్నాడు. యజమానికి అతడు కావలెను. అందుకే ఈ శ్రమయంతయు. చట్టమేమో ఆ కుర్చీని ఖాళీగా భావించి వెదకుమనును. వెదకువాని కోరిక ఎవరును దొరకకుండుట. పని చేయువాని ప్రార్థనయు అదియే. నిజముగా ఆ పని కోరు స్వదేశీయుడు ఆ ఆదివారపు పత్రిక మూలను చూచునా? ఈ కాలమున సాంకేతికపు కొలువును పత్రికా ప్రకటనలలో వెదకువాడెవ్వడు?

మరియొక చిత్రము వినుడు. ఆ సంస్థలో అయిదారేండ్లుగా అతడు నేర్చిన నేర్పు, పోల్చదగిన పనికే యైనచో, అర్హతగా లెక్కకు రాదు. ఆ సంస్థలో చేరునాటికి అతడేమి యెరుగునో అదియే లెక్క. కారణము లేకపోలేదు: నీవే నేర్పి, ఆ నేర్పు లేదని ఇతరులను త్రోసివేయుట న్యాయము కాదనుట చట్టము యొక్క తర్కము. తర్కము శుద్ధమే. అయినను జీవితపు సారమైన అయిదేండ్లను సున్నగా లెక్కించు తర్కమది.

ఈ తతంగము చేత స్వదేశీయుడైనను రక్షింపబడుచున్నాడా? రెండు వ్యాజ్యెములు చెప్పెదము. 2020 డిసెంబరులో అమెరికా న్యాయశాఖ ఫేస్‌బుక్ సంస్థపై అభియోగము తెచ్చినది. తక్కిన కొలువులకు తన వెబ్‌సైటున ప్రకటన లిచ్చు ఆ సంస్థ, పెర్ము కొలువులకు మాత్రము అట్లు చేయక, తపాలాలోనే దరఖాస్తులు పంపుమని స్వదేశీయులను దూరము చేసినదని అందలి ఆరోపణ. 2021 అక్టోబరులో 1 కోటి 42 లక్షల 50 వేల డాలర్ల వరకు చెల్లించు ఒడంబడికతో అది ముగిసినది. 2023 నవంబరులో ఆపిల్ సంస్థపై అట్టి ఆరోపణమే 2 కోట్ల 50 లక్షల డాలర్ల వరకు చెల్లించు ఒడంబడికతో ముగిసినది. లోకమునకెల్ల కంప్యూటర్లను, ఫోనులను అమ్మువారు కాగితము మీద వ్రాసి తపాలా పెట్టెలో వేయుడని చెప్పిరనుట, ఈ పద్ధతి ఎంత నాటకముగా మారగలదో చాటుచున్నది. పిలుపు అందకుండ పిలుచుట పిలుచుట కాదు. దానివలన స్వదేశీయుడు మోసపోవును. ఆ మోసపు నింద మాత్రము ఆ నాటకములో పాత్రయే లేని పరదేశీయుని మీద పడును.

పాత్ర లేదని ఊరక అనలేదు. ఈ ధ్రువీకరణమున పనివానికి మాట లేదు. అర్జీ యజమానిది. వచ్చిన అభ్యర్థులను విచారించుచోట పరదేశీయుడు పాల్గొనరాదు, అది సబబే. కాని పత్రము నిరాకరింపబడినచో పునర్విచారణ కోరు హక్కును అతనికి లేదు. యజమాని కోరిననే గాని లేదు. యజమాని నడుమ మనసు మార్చుకొని అర్జీని వెనుకకు తీసికొన్నను అడ్డుచెప్ప వీలులేదు. ఆ సంస్థ అదే ప్రాంతమున, అదే వృత్తిలో, గడచిన ఆరు నెలలలో పనివారిని తొలగించియున్నచో, తొలగింపబడిన స్వదేశీయులకు తెలిపి, వారిని ముందు పరిశీలింపవలెను. ఇదియు న్యాయమే. అందుచేతనే 2023లో తొలగింపుల గాలి వీచినపుడు కొన్ని పెద్ద సంస్థలు పెర్ము పనిని నిలిపివేసినవి. తానే తప్పును చేయక, తనకు చెప్పువారు లేక, మన పిల్లవాడు మొదటి మెట్టు దగ్గరనే నిలిచిపోయెను. పత్రము కుర్చీకి ఇయ్యబడును, కుర్చీ యజమానిది, నిరీక్షణము మాత్రము మనుష్యునిది.

ఆ నిరీక్షణము ఎంత దీర్ఘమో చూడుడు. కార్మికశాఖ అర్జీని స్వీకరించిన దినమే అతని వరుసస్థానమును నిర్ణయించు తేది. 1990 చట్టము ఉద్యోగము ద్వారా వచ్చువారికి ఏటికి సుమారు 1,40,000 స్థానములు ఏర్పరచినది. భార్యాబిడ్డలును ఆ లెక్కలోని వారే. అందులో ఏ దేశమువారికిని, మిగులు స్థానములు దక్కినపుడు తప్ప, నూటికి 7కు మించి రాదు. నూరు కోట్లు దాటిన జనసంఖ్య గల దేశమునకును, కొలది లక్షల దేశమునకును ఒకే కొలపాత్ర! అందుచే భారతీయుల వరుస పదేండ్లకు మించి సాగినది. నేడు క్రొత్తగా నిలుచువారి వరుసకు తుద కనబడదు. హెచ్-1బి వీసాకు సామాన్యముగా ఆరేండ్లే గడువు. 2000 సంవత్సరపు చట్టము దయచేత, ధ్రువీకరణపు అర్జీ పడి ఏడాది గడచినవారు గడువును పొడిగించుకొనుచు పోవచ్చును. కాని కొలువు పోయినచో మిగులునది హెచ్చుగా 60 దినములు. ఆ లోపల క్రొత్త యజమానిని వెదకవలెను. లేదా ఇల్లు, బడి, స్నేహము సర్వము విడిచి బయలుదేరవలెను. రెండవ అర్జీ అంగీకరింపబడియున్నచో పాత తేది సామాన్యముగా దక్కును. అయినను క్రొత్త యజమాని పెర్మును మొదటి నుండి మరల నడుపవలెను. తల్లిదండ్రుల వెంట పసితనమున పోయిన బిడ్డ, వరుస రాకమునుపే 21 ఏండ్లు నిండినచో, 2002 చట్టము కొంత వయస్సును తగ్గించి లెక్కించినను చాలనిచోట, ఆ వరుసలోనుండియే జారిపోవును. నడకలు నేర్చిన దేశమున ఆ బిడ్డ మరల పరదేశి యగును.

ఇట ఆలోచింపదగిన దొకటి కలదు. ఆ పత్రము చెప్పిన సత్యము ఏనాటిది? ఒక్క ఋతువునాటిది. ఆనాడు ఆ ఊరిలో ఆ పనికి మనుష్యులు దొరకలేదు. పండ్రెండేండ్ల పిమ్మట ఆ సత్యము సత్యమేనా? ఆ పని ఉన్నదా? ఆ సంస్థ ఉన్నదా? అంగడిలో ఒకనాటి ధరను వ్రాసికొని పుష్కరకాలమునకు పిదప బేరమాడుట వంటిదిది. స్వదేశీయుని రక్షించుటకై పెట్టిన పరీక్ష కాలము గడచినకొలది స్వదేశీయునికి పనికిరాక, పరదేశీయునికి సంకెలగా మిగులుచున్నది. మేము చెప్పవచ్చినది ఈ యొక్క మాటయే.

మన పెద్దలకు గిరిమిటి యనుమాట తెలియును. 1860లో ట్రూరో అను ఓడ చెన్నపట్టణము నుండి కూలీలను నేటాలునకు గొనిపోయినది. చెరకుతోటలలో అయిదేండ్లు కట్టుబడి చేయవలెనన్న అగ్రిమెంటే జనుల నోట గిరిమిటి యైనది. 1903 నుండి ఫిజీకిని చెన్నపట్టణపు ఓడలు పోయినవి. వానిలో మన తెలుగువారును పోయిరి. 1910, 1912 సంవత్సరములందు గోఖలే శాసనసభలో ఈ పద్ధతిపై తీర్మానములు తెచ్చెను. 1917లో కూలీలను పంపుట నిలిచినది. ఆ కొరడాదెబ్బల బ్రతుకునకును నేటి ఇంజనీరు బ్రతుకునకును సామ్యము చెప్పుట ఆ పూర్వుల కన్నీటికి అపచారము. నేటివారు చదివి, తెలిసి, కోరి పోయిరి. మంచి జీతము తినుచున్నారు. వలదన్న తిరిగి రాగలరు. అయినను ఆ పోరాటము మనకు మిగిల్చిన పాఠము ఒకటి కలదు: పనివాని ఉనికి ఏక యజమానికి ముడిపడినచోట, ఆ యజమాని ఎంత మంచివాడైనను, పనివాని గొంతు సన్నగిల్లును. జీతము పెంపు అడుగుటకు జంకును. అన్యాయమును చూచియు మిన్నకుండును. మేలైన కొలువు పిలిచినను కదలడు.

పరులను విమర్శించిన నోటితో మనవారిని విడుచుట ధర్మము కాదు. ఈ ధ్రువీకరణపు ఖర్చులను, న్యాయవాది ఫీజును యజమానియే భరింపవలెననియు, పనివానినుండి రాబట్టరాదనియు 2007 నాటి నియమము స్పష్టముగా చెప్పుచున్నది. అయినను మన భాష మాట్లాడు మధ్యవర్తులే కొందరు మన పిల్లల జీతములలోనుండి ఆ సొమ్మును ఏదో యొక పేరు పెట్టి కోసికొనుచున్నారని వినుచున్నాము. అదే సంవత్సరమునకు పూర్వము ఒకని పేర వచ్చిన పత్రమును మరియొకనికి మార్చుకొను వీలుండెను. ఆ వీలు అంగడిసరకైనందుననే మార్పును, అమ్మకమును నిషేధించిరి. చేయని పనికి అనుభవపత్రములు పుట్టించి ఇచ్చు అంగళ్లును లేకపోలేదు. ఒక్కని అబద్ధపు పత్రము వేయిమంది సత్యవంతుల అర్జీలపై అనుమానపు నీడను పరచును. తెలుగువానిని తెలుగువాడు దోచుట, తెలుగువాని పేరును తెలుగువాడు చెరచుట, ఇవి ఏ పరప్రభుత్వపు దోషములు?

కావున చేయవలసినదేమి? శాసనము మార్చుట ఆ దేశపు ప్రజల చేతిలోనిది. దేశమునకు 7 వంతులను హద్దును తొలగింప 2019 జూలైలో అచటి ప్రతినిధిసభ ఒక బిల్లును పెద్ద మెజారిటీతో అంగీకరించినది. 2020 డిసెంబరులో సెనేటు వేరొక రూపమున అంగీకరించినది. రెండును కలియక అది చట్టము కాలేదు. అచటి పౌరులైన మనవారు ఈ విషయమున మాట్లాడునపుడు తమ వరుసను మాత్రమే గాక, స్వదేశపు పనివాని న్యాయమును కూడ పలుకవలెను. ప్రకటన నిజమైన ప్రకటనగా నుండవలెను. పనివానికి తన పత్రమును చూచుకొను హక్కును, తన మాట వినిపించుకొను హక్కును ఉండవలెను. కొన్నియేండ్లు పని చేసి, పన్ను కట్టి, మంచి నడవడి చూపినవాని హక్కు కుర్చీని విడిచి మనుష్యుని అంటవలెను. అట్లడిగిననే ఆ కోరిక స్వార్థము కాక న్యాయమగును.

అచట పని చేయు యువకులకు మా మనవి: మీ పేరిట పడిన అర్జీలో మీ పని ఏమని వ్రాసినారో, జీతమెంత చూపినారో అడిగి తెలిసికొనుడు. రెండవ అర్జీ అంగీకారపు కాగితపు నకలును కోరుడు. పూర్వపు యజమానులనుండి చేసిన పనుల వివరములతో నిజమైన అనుభవపత్రములను సకాలమున సంపాదించి దాచుడు. ధ్రువీకరణపు ఖర్చు మీరు పెట్టుకొనుడని ఎవడైన అన్నచో అది చట్టవిరుద్ధమని ఎరుగుడు.

ఇచట నున్న తల్లిదండ్రులకు మరియొక మనవి. పెండ్లి మాటలలో గ్రీను కార్డును గుణముగా లెక్కించుట మానుడు. డేటు వచ్చినదా యని ప్రతి వారము అడుగకుడు. అది మీ బిడ్డ చేతిలో లేదు, తెలివిలో లేదు, కష్టములో లేదు. ఒకవేళ ఆ వరుసను విడిచి పిల్లవాడు ఇంటికి తిరిగివచ్చినచో అతడు ఓడి వచ్చెనని వీధిలో చెప్పుకొనకుడు. ఒక కార్యాలయము ఒక కుర్చీని గూర్చి వ్రాసిన రెండు వాక్యములు మనుష్యుని విలువను నిర్ణయింపజాలవు. ఆ విలువను నిర్ణయించునవి అతని పనియు, అతని సత్యమును. ఈ రెంటికిని ఏ దేశపు ముద్రయు అక్కరలేదు.